మహలోవ్ అనే దీవి

జులై 8, మంగళవారం

ఈ రోజు అమీర్‌పేటలో నా పుస్తకాన్ని నేనే డబ్బిచ్చి కొనుక్కున్నాను. ఇరవై ఏళ్ళకు పైగా జాగ్రఫీ చెబుతున్న మనిషికి ఇంతకన్నా అవమానం ఉంటుందా?

మా ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన పిల్లలకు తప్ప బయటివాళ్ళకు ఇవ్వని మెటీరియల్ అది. ఒక్కో పేరా పది పుస్తకాలు తిరగేసి రాసుకున్నాను. దాన్ని జిరాక్స్ తీసి, స్పైరల్ వేసి, అట్ట మీద ‘వి.వి.ఎస్. సార్ జాగ్రఫీ – ఒరిజినల్’ అని రాసి, సమోసాల బండి పక్కన దొంతర పేర్చి అమ్ముతున్నారు. ఒరిజినల్ అట! దొంగ సరుకు మీద ఆ మాట రాయడానికి ఎంత గుండె ఉండాలి!

“గీయన మెటీరియల్ మస్తు నడుస్తది అన్నా, తీస్కపో,” అన్నాడు షాపువాడు.

“ఆ వి.వి.ఎస్. నేనేనయ్యా,” అన్నాను.

వాడు భయపడతాడనుకున్నాను. వాడి మొహం వెలిగిపోయింది. “నిజమా సార్? అయితే జర పైన ఒక సైన్ కొట్టియ్యి. ఇంకా మస్తు పోతయ్.”

ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి మా ఆవిడ మహాలక్ష్మితో చెబితే నవ్వింది. నవ్వే విషయమా ఇది?

జులై 9

జిరాక్స్‌వాడు పొట్టకూటి కోసం చేస్తున్నాడనుకుందాం. కృష్ణమోహన్‌కి ఏం రోగం? నా దగ్గర నాలుగేళ్ళు అసిస్టెంటుగా ఉండి, నా బోర్డు తుడిచి, నా మ్యాపులు మోసినవాడు. ఇప్పుడు రోడ్డుకి అవతలి వైపు సొంత ఇన్‌స్టిట్యూట్, పెద్ద ఫ్లెక్సీ, యూట్యూబ్ ఛానల్. ఈ రోజు వాడి వీడియో ఒకటి చూశాను. రుతుపవనాల పాఠం. నా వాక్యాలే. నా ఉదాహరణలే. చివరికి నేను మధ్యలో వేసే జోకు కూడా అక్కడే వేశాడు.

ఫోన్ చేసి అడిగాను.

“గురువుగారూ, రుతుపవనాలు మీ సొంతమా అండీ? అవి అందరికీ వస్తాయి కదా,” అన్నాడు. పక్కన ఎవరో కిసుక్కుమన్నారు.

లాయరు రాఘవయ్యగారిని కలిశాను. వాస్తవాలకు హక్కులుండవన్నారు. గోదావరి ఎక్కడ పుట్టిందో ఎవరైనా రాయొచ్చట. “మీది కాపీ కొట్టారని రుజువు కావాలి, సార్. మీకు తప్ప ఇంకెవరికీ తెలిసే అవకాశం లేని సంగతి ఏదైనా అందులో ఉందా?” అని అడిగారు.

జాగ్రఫీలో అలాంటిది ఎక్కడుంటుంది?

జులై 13, ఆదివారం

ఉంటుంది. నేను పెడితే ఉంటుంది.

రష్యాకి ఉత్తరాన, ఆర్కిటిక్ సముద్రంలో ఫ్రాంజ్ జోసెఫ్ లాండ్ అని ఒక దీవుల గుంపు ఉంది. దాదాపు రెండు వందల దీవులు. మనుషులు స్థిరంగా కాపురం ఉండరు. మంచు, రాళ్ళు, పక్షులు. అక్కడి పేర్ల సంగతి చెప్పినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. మంచులో ఓడ ఇరుక్కుపోయి, ప్రాణాలకు తెగించి కనుక్కున్నవాళ్ళు నావికులు. పేరేమో ఆస్ట్రియా చక్రవర్తిది. ఆయన ఒక్కనాడూ అక్కడ కాలు పెట్టలేదు. ఒక దీవికి టెలిఫోన్ బెల్ గారి పేరు. ఇంకోదానికి బేకింగ్ పౌడరు అమ్ముకునే అమెరికా కోటీశ్వరుడి పేరు, యాత్రకు డబ్బిచ్చాడు కాబట్టి. చలికి వేళ్ళు పోగొట్టుకున్నవాడి పేరు ఎన్నింటికి పెట్టారని? కష్టం ఒకరిది, పేరు ఒకరిది. ఇది కృష్ణమోహన్ కనిపెట్టిన విద్య కాదు.

అంత గుంపులో ఇంకొక దీవి కలిపితే ఎవరు లెక్కపెట్టొస్తారు? పైగా ఎవరూ లేని చోటు. అభ్యంతరం చెప్పడానికి సర్పంచి కూడా ఉండడు.

రష్యా పేరులా వినిపించాలి. చాలాసేపు ఆలోచించి మహాలక్ష్మి పేరు విరిచి ‘మహలోవ్’ అన్నాను. మహలోవ్ ద్వీపం. ఎనభై ఒకటో డిగ్రీ అక్షాంశానికి కొంచెం పైన. కప్పలాంటి ఆకారం. ఉత్తర భాగమంతా మంచు దుప్పటి, దక్షిణాన నల్లటి నిటారు కొండ, దాని మీద సముద్రపు పక్షులు. దిగడానికి చోటు లేదు. ఓడ మీద వంటవాడుగా పనిచేసిన మహలోవ్ మొదట చూశాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. ఒక్క దీవికైనా న్యాయం జరగాలి కదా!

మహాలక్ష్మికి చదివి వినిపించాను. వంకాయలు తరుగుతూ వింది.

“ఎవరూ ఉండని చోటుకి నా పేరా? ఇంకేదీ దొరకలేదా అండీ?”

“దొంగని పట్టుకోవడానికే.”

“బానే ఉంది. దొంగ కాని పిల్ల చదివితే?”

దొంగ కాపీ చదివేవాళ్ళు దొంగలు కాకుండా ఎలా పోతారు? ఈ ఆడవాళ్ళకి తర్కం చెప్పలేం.

జులై 21

కొత్త బ్యాచ్‌కి కొత్త మెటీరియల్ ఇచ్చాం. ప్రపంచ భూగోళం భాగంలో, నూట నలభయ్యో పేజీ దగ్గర, నా దీవి హాయిగా కూర్చుంది. క్లాసులో చెప్పాను: “ఈ పేజీలో మహలోవ్ పేరా వదిలేయండి. అది లేదనుకోండి. కారణం అడగొద్దు. కానీ పెన్నుతో గీత మాత్రం కొట్టొద్దు.” గీత కొడితే ఆ గీత కూడా జిరాక్స్‌లో పడుతుంది మరి.

పిల్లలు తలలూపారు. మన పిల్లలు వేరే దేనికీ తలూపరు గానీ, చదవక్కర్లేదంటే వెంటనే ఊపుతారు.

కాబట్టి నా క్లాసుకొచ్చేవాళ్ళకి నష్టం లేదు. నేనెవరికీ హాని చేయలేదు.

ఆగస్టు 4

పడ్డాడు! మొదటి చేప జిరాక్స్‌వాడు. కొత్త స్పైరల్, నూట నలభయ్యో పేజీ, మహలోవ్. వాడి షాపు దగ్గర ముగ్గురు పిల్లలు కొంటున్నారు. ఆపాలనిపించింది ఒక్క క్షణం. ఆపితే వల పాడవుతుంది.

ఆగస్టు 11

కృష్ణమోహన్ వీడియో పెట్టాడు: ‘ఎవరికీ తెలియని వింత దీవులు’. మూడోది నాదే. మ్యాపు మీద చుక్క కూడా పెట్టాడు! లేని దీవికి చుక్క పెట్టిన మహానుభావుడు.

సంతోషించాల్సింది. కానీ చిర్రెత్తుకొచ్చింది. ఎందుకంటే ఆ పెద్దమనిషి మహలోవ్ తీరంలో వాల్రస్‌లు గుంపులుగా పడుకుంటాయని సొంతంగా కలిపాడు. వాల్రస్‌లట! తీరం ఎక్కడుంది ఆ దీవికి? నిటారు కొండ అని స్పష్టంగా రాశాను కదా! నాలుగు వాక్యాలు సరిగ్గా కాపీ కొట్టడం చేతకాదు, వీడు పోటీ పరీక్షలకి తయారుచేస్తాడట. అర్ధగంట మహాలక్ష్మి ముందు అరిచాను.

“లేని దీవిలో వాల్రస్‌లు ఉంటే మీకేంటండీ నష్టం?” అంది.



ఇక బయట పెట్టేయండి అంటుంది. రుజువు దొరికింది కదా అంటుంది. వీడియో చాలదు. వాడు తొందరలో పుస్తకం అచ్చు వేస్తున్నాడని విన్నాను. అచ్చు పడనీ. అప్పుడు కోర్టులో వాడి పుస్తకం, నా పుస్తకం పక్కపక్కన పెట్టి జడ్జిగారిని ఆ దీవి చూపించమంటాను. అప్పటిదాకా నోరు విప్పను.

ఆగస్టు 19

సాయంత్రం రాజమల్లు వచ్చాడు. మా అపార్ట్‌మెంట్ సెల్లారులో టైలరింగ్ షాపు ఆయనది. సొంతూరు సిరిసిల్ల, మగ్గాలు మానేసి ఇక్కడికి వచ్చి చాలా కాలమైంది. మహాలక్ష్మి జాకెట్లు ఇచ్చి, గుమ్మంలోనే నిలబడ్డాడు.

“మా సుమకు బంజారాహిల్స్‌ల పెద్ద స్కూల్ల డెమో క్లాసుకు రమ్మన్నరు సార్. సోషల్ టీచర్ పోస్టు. మీరు జర ఏదన్న చెప్తరని…”

వెనకే ఉంది కూతురు సుమలత. బి.ఇడి. చేసి, పంజాగుట్టలో చీరల షాపు కౌంటర్లో నిలబడుతోంది. పొద్దస్తమానం నిలబడి కాళ్ళు వాచిపోతాయని మహాలక్ష్మి ఎప్పుడూ అంటుంది. ఈ ఉద్యోగం రాకపోతే షాపువాళ్ళ వరంగల్ బ్రాంచికి పంపేస్తారట. అక్కడికెళితే ఇక చదువు, పరీక్షలు అన్నీ బంద్.

చాలా శ్రద్ధగా చెప్పాను. “అందరూ చెప్పే హిమాలయాలు, గంగానది చెప్పకు తల్లీ. ఆ ప్యానెల్ వాళ్ళు విని విని విసిగిపోయి ఉంటారు. ఎవరూ వినని చోటు ఒకటి పట్టుకో. దాని కథ చెప్పు. కథ చెబితే పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటారు.”

“అట్లనే సార్. మంచి టాపిక్ ఉంది నా దగ్గర,” అంది. కళ్ళు మెరిశాయి.

ఏ పుస్తకం చదువుతోందో నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆగస్టు 25, సోమవారం



పొద్దున నేను క్లాసుకి బయలుదేరుతుంటే సుమలత వచ్చింది. చేతిలో ఆ స్పైరల్ పుస్తకం. చూడగానే గుర్తుపట్టాను. ఆమె నా చూపు చూసి గబగబా అంది, “తప్పే సార్. షాపుల డ్యూటీ తొమ్మిదింటికి, క్లాసుకు రానీకి కాదు. అందుకే జిరాక్స్ కొన్న. మీకు తెలిస్తే కోపమొస్తదని నాన్న చెప్పొద్దన్నడు. మొత్తం సదివిన సార్. రెండు సార్లు.”

శనివారం డెమో అయిందట. టాపిక్: ‘మనుషులు లేని దీవులకు పేర్లెవరు పెట్టారు?’ చక్రవర్తి సంగతి, బేకింగ్ పౌడరు సంగతి చెబితే అందరూ నవ్వారట. చివర్న మహలోవ్ చెప్పింది. రాజులకు, డబ్బున్నోళ్ళకు కాకుండా, ఒక వంటమనిషికి దక్కిన దీవి. అది చెబుతుంటే తనకే కళ్ళలో నీళ్ళొచ్చాయట. ప్రిన్సిపాల్ మేడం మెచ్చుకుని, స్మార్ట్ బోర్డు మీద చూపించమందట.

“వెతికిన సార్. దొరకలే. గా మేడం సుత వెతికింది. గిసోంటి దీవి లేనే లేదన్నది. నేను మాత్రం ఒప్పుకోలే. మ్యాపే తప్పుండొచ్చు మేడం, మా వి.వి.ఎస్. సార్ తప్పు రాయరు అన్న. అందరు నవ్విన్రు సార్.”



“శుక్రవారం లోపల ప్రూఫ్ తెస్తే మళ్ళ ఆలోచిస్తమన్నరు. మీరు జర ఏ పుస్తకంల ఉందో చూపియ్యండి సార్. లేకుంటే మీరే ఒక్క ఫోన్ చేసి చెప్పండి. మీ మాటంటే ఇంటరు.”

చూస్తానమ్మా, క్లాసుకి టైమవుతోంది అన్నాను. లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాను.

ఆగస్టు 26

దొంగ కాపీ కొనడం తప్పు. తనే ఒప్పుకుంది. ఎవరైనా మ్యాపు చూసుకోకుండా డెమో చెబుతారా? జాగ్రఫీలో మొదటి పాఠమే అది. నేను క్లాసులో స్పష్టంగా చెప్పాను వదిలేయమని. క్లాసుకి వచ్చుంటే తెలిసేది.

క్లాసుకి వచ్చుంటే.

ఆగస్టు 27, వినాయక చవితి

ప్రసాదం ఇమ్మని మహాలక్ష్మి నన్ను సెల్లారుకి పంపింది. కావాలనే పంపింది. రాజమల్లు మిషను దగ్గర్నుంచి లేచి, చేతులు తుడుచుకుని రెండు చేతులా అందుకున్నాడు. “మీరున్నరని ధైర్యం సార్. మీరు ఫోన్ జేస్తరంట గద. సుమ చెప్పింది,” అన్నాడు.

పైకొచ్చి తలుపు వేశాను. “కృష్ణమోహన్ పుస్తకం ఇంకో నెలలో వస్తుంది. ఇప్పుడు బయటపడితే అంతా బూడిదలో పోసిన పన్నీరు,” అన్నాను.

మహాలక్ష్మికి కోపం వస్తే గొంతు పెంచదు. తగ్గిస్తుంది.

“వాడు మీ వాక్యాలు ఎత్తుకుపోయాడని ఇల్లు పీకి పందిరేశారు. ఆ పిల్ల ఉద్యోగం మీరు ఎత్తుకుపోతే ఏమనాలండీ?”

“నేను ఎత్తుకుపోవడమేంటి? నేను…”

“శుక్రవారం మీరు వెళ్ళి చెప్పకపోతే నేను వెళ్తాను. పేరు నాదే కదా.”

అన్నం తినకుండా లేచిపోయాను. నేను బాధితుణ్ణి. అది ఎవరికీ పట్టదు.

ఆగస్టు 28

వెళ్తాను. రేపు వెళ్తాను. దారిలో ఆటోలో సుమలతకి ముందు చెప్పేస్తాను.

ఆగస్టు 29, శుక్రవారం

ఆటోలో చెప్పలేదు.

పంజాగుట్ట ఫ్లైఓవర్ దగ్గర ట్రాఫిక్‌లో బోలెడంత సేపు ఆగాం. చెప్పడానికి అంతకన్నా తీరిక దొరకదు. ఆమె మంచి చేనేత చీర కట్టుకుని, జుట్టు బిగించి జడ వేసుకుని వచ్చింది. “మీరు స్వయంగా వస్తరనుకోలే సార్,” అని రెండుసార్లు అంది. స్కూలు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే, “మా సార్. ప్రిన్సిపాల్ మేడం కోసం వచ్చిన్రు,” అని గర్వంగా చెప్పింది. ఇంకెక్కడ చెప్పను?

ప్రిన్సిపాల్ యశస్వినిగారు మర్యాదగానే కూర్చోబెట్టారు. కాఫీ తెప్పించారు. సుమలత కూర్చోలేదు, నా కుర్చీ పక్కన నిలబడింది. నేను నేల చూస్తూ చెప్పాను. ఆ దీవి లేదు. నేనే కల్పించాను. నా మెటీరియల్ దొంగలిస్తున్నారని, వాళ్ళను పట్టుకోవడానికి పెట్టాను. ఈ అమ్మాయి తప్పేం లేదు. తప్పంతా నాది.

 పక్కనున్న సుమలత వైపు తలెత్తి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

యశస్వినిగారు అన్నారు, “మీరు వచ్చి చెప్పడం గొప్ప విషయం సార్. కానీ మేము ఆ రోజు చూసింది దీవి ఉందా లేదా అని కాదండీ. మ్యాపులో లేదని కళ్ళ ముందు కనబడుతున్నా, మా సార్ రాశారు కాబట్టి ఉంది అన్నారు ఈ అమ్మాయి. మా పిల్లలకి అలా నేర్పితే ఎలా చెప్పండి? పోస్టు నిన్ననే ఇంకొకరికి ఖాయం చేసేశాం.”

శుక్రవారం దాకా గడువిచ్చి గురువారమే ఇచ్చేశారన్నమాట! కోపం తన్నుకొచ్చింది. టేబుల్ మీద చెయ్యి కొట్టి, ఇదేనా మీ పద్ధతి, ఇదేనా మీ పెద్ద స్కూలు అని గట్టిగా అరిచాను. బయట గుమాస్తాలు తొంగి చూశారు. ఎంతసేపు అరిచానో తెలియదు.

“సార్, పోదాం,” అంది సుమలత.

తిరిగొస్తూ ఆటోలో ఆమె నన్ను తిట్టినా బాగుండేది. ఏడ్చినా బాగుండేది. దిగాక ఆటోవాడికి నాకన్నా ముందు తనే డబ్బిచ్చి, సెల్లారులోకి వెళ్ళిపోయింది.

ఆగస్టు 30

క్లాసులో బోర్డు మీద రాశాను: ‘మహలోవ్ ద్వీపం అనేది లేదు. నేను కల్పించాను.’ దాన్ని ఫొటో తీసి ఛానళ్ళలో పెట్టమని పిల్లలకు చెప్పాను. కృష్ణమోహన్ పుస్తకం సంగతి ఇక వాడిష్టం. లాయరుగారు ఫోన్ చేసి, చేతికొచ్చిన కేసు పాడుచేసుకున్నారు సార్ అన్నారు.

మధ్యాహ్నానికే కృష్ణమోహన్ వీడియో పెట్టాడు. ‘విద్యార్థులకు అబద్ధాలు నేర్పిన సీనియర్ ఫ్యాకల్టీ’. వాడికి సిగ్గులేదు. వాడు చెప్పింది మాత్రం, ఎంత ఒళ్ళు మండినా, కాదనలేకపోయాను. వాల్రస్‌ల సంగతి మాత్రం ఎత్తలేదు వెధవ.

ఆగస్టు 31, ఆదివారం

పొద్దున బెల్లు మోగింది. సుమలత. మహాలక్ష్మి లోపలికి రమ్మంటే వచ్చి, నా ఎదురుగా కుర్చీలో కూర్చుంది. ఇదివరకు ఎప్పుడూ కూర్చునేది కాదు.

స్పైరల్ పుస్తకం టేబుల్ మీద పెట్టింది. పక్కన ఒక ఎర్ర పెన్ను.

“సార్, వరంగల్‌కు పోను అని షాపుల చెప్పిన. కూకట్‌పల్లిల ఒక స్కూల్ల వచ్చే వారం డెమో ఉంది. ఇందుల ఇంకా ఏమేం లేవో గుర్తు పెట్టియ్యండి.”

“ఇంకేం లేవమ్మా. అదొక్కటే. ఒట్టు. మిగతాదంతా నిజం.”

“అది సుత మీరే గద సార్ చెప్తున్నది.”

కోపం లేదు ఆ గొంతులో. అదే భరించలేకపోయాను. ఇరవై ఏళ్ళ పైచిలుకు నేను సంపాదించుకున్నది, ఎవరూ ఎత్తుకుపోకూడదని కాపలా కాసుకున్నది, ఆ వాక్యాలు కాదు. ఆ పిల్ల ప్రిన్సిపాల్ ముందు నిలబడి మా సార్ తప్పు రాయరు అంది చూడండి, అది. దాన్ని ఏ జిరాక్స్‌వాడూ ఎత్తుకుపోలేదు. నేనే పోగొట్టుకున్నాను. ఇంత వయసొచ్చి, ఇంత చదువు చదివి, నా మీద నాకే అసహ్యం వేసింది.

మహాలక్ష్మి ఆమె ముందు ఉప్మా ప్లేటు పెట్టి, నావైపు చూడకుండా లోపలికి వెళ్ళింది.

పుస్తకం దగ్గరికి లాక్కుని మొదటి పేజీ తెరిచాను. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుడుతుందని ఉంది. ఎర్ర పెన్నుతో పక్కన ‘నిజం’ అని రాశాను.

సుమలత ఫోన్ తీసి, వెతికి, చదివి, తల ఊపింది. తర్వాత రెండో వాక్యం మీద వేలు పెట్టింది.